ఊపిరి లెక్క తెలిసిన హ్యారీ వెస్లేక్

మన సంఘం ప్రత్యేక సంచికలో ప్రతిసారీ ఒక ప్రముఖుడి జీవితం వేసుకోవడం ఆనవాయితీగా వస్తోంది. విశ్వేశ్వరయ్య గారి గురించీ, కాటన్ దొర గురించీ పెద్దలు ఇదివరకే చక్కగా రాశారు. ఈసారి వంతు నాదని కార్యదర్శి గారు కబురు పెట్టినప్పుడు, 38 ఏళ్ళు గ్రీజు చేతులతో బతికినవాణ్ణి కనుక నాకు తెలిసిన పనిలోంచే ఒక మనిషిని ఎన్నుకుంటానని మనవి చేసుకున్నాను. వారు పెద్దమనసుతో ఒప్పుకున్నారు. ఈ మనిషినే ఎందుకు ఎన్నుకున్నానో దానికి వేరే కారణం కూడా ఉంది. అది కథలో దాని చోటు వచ్చినప్పుడు చెబుతాను.

ఆయన పేరు హ్యారీ వెస్లేక్. ఇంగ్లండు దేశస్థుడు. 1897లో పుట్టి 1978లో కాలం చేశాడు. కారు పందేల లోకంలో, ఇంజన్లు తయారుచేసే కంపెనీలలో ఆయనది చాలా పెద్ద పేరు. మన ఇళ్ళలో ఆ పేరు విన్నవాళ్ళు తక్కువే కావచ్చు. అయినా మనలో చాలామందిమి ఆయన పనితనం మీద ఆధారపడి ఊళ్ళు తిరిగినవాళ్ళమే. మన ఆఫీసుల ముందు తెల్లగా నిలబడి ఉండే అంబాసిడర్ కారు గుర్తుంది గదా! 1960 నాటికి ఆ కారులోకి వచ్చిన 1489 సి.సి. ఇంజను బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ ఇంజను. దాని హెడ్డులో పెట్రోలు మండే గుంట ఆకారం వెస్లేక్ రూపకల్పన. కారు మీద ఆయన పేరు ఎక్కడా ఉండదు. నేను ఎన్నో వందల హెడ్లు విప్పి బిగించాను. ఆ గుంటను ఒకరు కూర్చుని ఆలోచించి గీశారన్న సంగతి నాకు చాలాకాలం తట్టనే లేదు.

మోటారు పనితో సంబంధం లేని మిత్రులకోసం, ఇంట్లో చదివే పిల్లలకోసం ముందు ఒక విషయం చెప్పాలి. ఇంజను పెట్రోలుతో నడుస్తుందని మనం అనుకుంటాం. నిజానికి పెట్రోలు ఎక్కువ పోయడం పెద్ద కష్టమేమీ కాదు, జెట్టు మారిస్తే చాలు. కష్టమంతా గాలితోనే. ఒక పాలు పెట్రోలు సరిగా మండాలంటే తూకంలో దానికి సుమారు 15 పాళ్ళ గాలి కావాలి. ఆ గాలిని ఇంజను తనంతట తానే పీల్చుకోవాలి. పిస్టను కిందికి దిగినప్పుడు లోపల ఖాళీ ఏర్పడి, బయటి గాలి ఎయిర్ ఫిల్టరు, కార్బొరేటర్, మానిఫోల్డు దాటి, హెడ్డులోని పోర్టులో మలుపు తిరిగి, వాల్వు పక్క సందులోంచి దూరి సిలిండరులో పడుతుంది. ఆ సందు ఒక సెంటీమీటరు కూడా ఉండదు. అంబాసిడర్ ఇంజను నిమిషానికి 4000 చుట్లు తిరుగుతోందనుకోండి. పిస్టను పైనుంచి కిందికి దిగడానికి పట్టే కాలం సెకనులో 130వ వంతు కూడా ఉండదు. ఆ లోపలే గాలి వచ్చి నిండాలి. లెక్క కడితే, పూర్తిగా నిండినట్టయితే నిమిషానికి దాదాపు 3000 లీటర్ల గాలి, అంటే 200 లీటర్ల కిరోసిన్ డ్రమ్ములు పదిహేను. అంత గాలి ఆ సన్నటి సందుల్లోంచి పోవాలి. ఎంత నిండితే అంత శక్తి. సగం నిండితే సగం శక్తే. పందెం కారుకైనా, ఆఫీసు కారుకైనా సూత్రం ఒకటే. కాకపోతే పందెం ఇంజను ఇంకా వేగంగా తిరుగుతుంది కనుక దానికి దొరికే సమయం ఇంకా తక్కువ.

వెస్లేక్ తన జీవితమంతా ఆ సందు దగ్గరే గడిపాడు అంటే అతిశయోక్తి కాదు.

ఆయన పుట్టింది ఇంగ్లండులో నైరుతి వైపున ఉన్న ఎక్సెటర్ అనే ఊళ్ళో. ఆ ఊళ్ళో గ్యాస్ మీటర్లూ, గ్యాస్ సామగ్రీ తయారుచేసే కంపెనీతో వారి కుటుంబానికి సంబంధం ఉండేది. కంటికి కనబడని గ్యాసును గొట్టంలో పోనిచ్చి ఎంత పోయిందో కొలవడం ఆ ఇంటివాళ్ళకు కొత్త సంగతి కాదన్నమాట. మన పిల్లలు దుకాణంలో తూకం చూస్తూ పెరిగినట్టు ఈయన ఆ మాటలు వింటూ పెరిగి ఉంటాడని నా ఊహ. పెద్ద విశ్వవిద్యాలయం పట్టా ఏమీ లేదు. కుర్రతనంలోనే మోటారు సైకిళ్ళ పిచ్చి పట్టుకుంది. వాటికోసం సొంతంగా ఒక కార్బొరేటర్ తయారుచేశాడు. తన ఇంటిపేరులోనూ ఊరిపేరులోనూ అక్షరాలు కలిపి దానికి వెక్స్ అని పేరు పెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక ఆ కార్బొరేటర్ అమ్ముకుంటూ, పందెంరాయుళ్ళ ఇంజన్లు సర్దిపెడుతూ జీవనం మొదలుపెట్టాడు.

ఆ రోజుల్లో లండన్ దగ్గర బ్రూక్లండ్స్ అని ఒక పందేల బాట ఉండేది. 1907లో కట్టారు. అక్కడికి వచ్చే మెకానిక్కులకు హెడ్డు లోపలి పని ఒక రహస్య విద్యలాంటిది. పోర్టును ఆకురాయితో పెద్దది చేయడం, అద్దంలా మెరిసేదాకా రుద్దడం, తర్వాత కారు తోలి చూడడం, వేగం పెరిగితే సంతోషం, తగ్గితే మరో హెడ్డు. ఎందుకు పెరిగిందో, ఎందుకు తగ్గిందో చెప్పగలవాడు లేడు. నేను పని నేర్చుకున్న రోజుల్లో మా దగ్గరా అంతే, అది వేరే సంగతి.

వెస్లేక్ చేసిన పని వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. హెడ్డును ఇంజను మీద బిగించకుండా విడిగా ఒక బల్ల మీద పెట్టాడు. దానికి గాలి గొట్టం తగిలించి, వాల్వును కొద్దికొద్దిగా ఎత్తుతూ, ఎంత ఎత్తినప్పుడు ఎంత గాలి పోతోందో కొలిచాడు. ఎత్తు ఇంత, గాలి ఇంత అని కాగితం మీద రాసుకున్నాడు. పోర్టు ఆకారం కొంచెం మార్చి మళ్ళీ కొలిచాడు. ఇంతే. ఇంజను స్టార్టు చేయనక్కరలేదు, పందెందాకా ఆగనక్కరలేదు. ఇప్పుడు ప్రపంచంలో పందెం ఇంజన్లు తయారుచేసే ప్రతిచోటా ఇలాంటి బల్ల ఒకటి ఉంటుంది. దాన్ని తన పనికి పునాది చేసుకున్న తొలివాళ్ళలో ఆయన ఒకడు. గాలి అంకె చూసి, ఈ హెడ్డు బిగిస్తే ఇంజను ఎంత శక్తి ఇస్తుందో ముందే చెప్పగలిగేవాడు.

అలా కొలిచేవారికి తేటపడే సంగతులు కొన్ని మన ఊహకు ఎదురుగా ఉంటాయి. గొట్టం ఎంత పెద్దదైతే గాలి అంత ఎక్కువ పోతుందని ఎవరైనా అనుకుంటారు. అది నిజం కాదు. కృష్ణా కాలువల వెంట పెరిగినవాళ్ళకు ఇది సులభంగా అర్థమవుతుంది. కాలువ గట్టిగా మలుపు తిరిగేచోట నీళ్ళన్నీ బయటి గట్టును ఒరుసుకుంటూ పోతాయి. లోపలి గట్టు పక్కన నీరు నిలబడి సుళ్ళు తిరుగుతుంది. అక్కడ కాలువ వెడల్పు ఎంత ఉన్నా పారేది సగమే. పోర్టులోనూ అంతే. వాల్వు ముందర గాలి దాదాపు నిలువుగా మలుపు తిరగాలి. లోపలి వంపు మొనదేలి ఉంటే గాలి గోడను వదిలేస్తుంది. పోర్టును పెద్దది చేయడం కన్నా ఆ వంపును ఒద్దికగా గుండ్రం చేయడం, వాల్వు సీటు దగ్గర కోణం సరిచేయడం ఎక్కువ లాభం. పైగా పోర్టు మరీ పెద్దదైతే గాలి వేగం పడిపోతుంది. గాలి మెల్లగా పోతే పెట్రోలు తుంపర దాంతో కలిసి పోలేక గోడలకు అంటుకుని కారుతుంది. పైవేగంలో బాగానే ఉన్నట్టు కనబడినా, తక్కువ వేగంలో ఇంజను లాగదు.

ఇంకో సంగతి, సిలిండరులోకి వెళ్ళాక గాలి ఏం చేస్తుందన్నది. ఊరికే వెళ్ళి పడితే చాలదు. ఒక పక్కకు తిరుగుతూ, సుడిలాగా వెళితే పెట్రోలు బాగా కలుస్తుంది, నిప్పు అంటుకున్నాక మంట త్వరగా అంతటా పాకుతుంది. అందుకని పోర్టును ఏటవాలుగా వంచి, గాలి సుడి తిరిగేలా చేయడం కూడా రూపకర్త పనే. ఎక్కువ గాలి, మంచి సుడి, ఈ రెండూ కొంతవరకు ఒకదానికొకటి శత్రువులు. రెంటినీ ఎంతెంత కలపాలన్నదే ఈ విద్య.

1920 దశకం చివరి సంవత్సరాలలో బెంట్లీ కంపెనీ ఆయన సలహా తీసుకుంది. ఫ్రాన్సులో ల మాన్ అనే చోట 24 గంటల పందెం జరుగుతుంది. 1927 నుంచి 1930 వరకు నాలుగేళ్ళు వరసగా గెలిచినవి బెంట్లీ కార్లే. అంతటి కంపెనీవాళ్ళు పట్టా లేని ఈ మనిషిని పిలిచి హెడ్లు చూపించుకున్నారంటే ఆయన మాటకు అప్పటికే విలువ వచ్చిందన్నమాట. కంపెనీలో ఉద్యోగం మాత్రం చేయలేదు. చివరిదాకా బయటివాడుగానే ఉన్నాడు. డాక్టరు గారు ఒక్కో ఇంటికి వెళ్ళినట్టు ఒక్కో కంపెనీకి వెళ్ళి, ఊపిరితిత్తులు చూసి మందు రాసి వచ్చేవాడు.

1935 నాటి సంగతి ఒకటి ఆ లోకంలో అందరూ చెప్పుకుంటారు. విలియం లయన్స్ అనే ఆయన ఎస్.ఎస్. అనే పేరుతో కార్లు తయారుచేసేవాడు. చూడడానికి రాజుగారి రథాల్లా ఉండేవి. లోపల మాత్రం స్టాండర్డ్ కంపెనీ వారి మామూలు ఇంజను. వెస్లేక్ ను పిలిచి అభిప్రాయం అడిగితే, మీ కారుకు నగలెక్కువ, సత్తువ తక్కువ అన్న ధోరణిలో మొహం మీదే చెప్పాడట. లయన్స్ కోపం తెచ్చుకోకుండా పని అప్పగించాడు. అది ఆయన గొప్పతనం. మన ఆఫీసుల్లో అలా చెప్పినవాడి గతి ఏమయ్యేదో వేరే రాయనక్కరలేదు. ఆ ఇంజను ఆరు సిలిండర్లది, 2.6 లీటర్ల పైచిలుకు, పక్క వాల్వులది, ఇచ్చే శక్తి 70 అశ్వశక్తి చుట్టుపక్కల. లయన్స్ కోరింది 95. వెస్లేక్ వాల్వులను పైకి మార్చి కొత్త హెడ్డు గీసి, పోర్టులు తన పద్ధతిలో సర్ది ఇచ్చాడు. పరీక్షలో 100 దాటింది. సిలిండరు కొలత అదే. మారింది ముఖ్యంగా ఊపిరి.

ఆ కారుకు పెట్టిన పేరు జాగ్వార్. 1935 సెప్టెంబరులో లండన్ లోని మేఫెయిర్ హోటల్ లో డీలర్లకు చూపించి, ధర ఎంత ఉంటుందో చీటీల మీద రాయమన్నారు. వాళ్ళు రాసినవాటి సగటు 632 పౌండ్లు. అసలు ధర 385.

తర్వాత యుద్ధం వచ్చింది. జాగ్వార్ కార్ఖానా ఉన్న కోవెంట్రీ నగరం మీద జర్మన్లు బాంబులు కురిపించారు. కార్ఖానా కప్పు మీద నిప్పు పడకుండా రాత్రిళ్ళు వంతులవారీగా కాపలా కాయాల్సి వచ్చేది. లయన్స్, ఆయన ముఖ్య ఇంజనీరు విలియం హెయిన్స్, వాల్టర్ హాసన్, క్లాడ్ బెయిలీ ఒకే వంతు పడేలా చూసుకుని, ఆ కాపలా రాత్రుల్లో కూర్చుని యుద్ధం తర్వాత తయారుచేయవలసిన ఇంజను గురించి కాగితాల మీద గీసుకున్నారు. ఆ ఇంజనే 1948లో బయటికి వచ్చిన ఎక్స్.కె. దాని హెడ్డులో పోర్టులు, గాలి సంగతి చూసింది వెస్లేక్. 3442 సి.సి., 160 అశ్వశక్తి. లోపలికి వచ్చే గాలి సుడి తిరిగేలా పోర్టుకు ఇచ్చిన వంపు దాని ప్రత్యేకత. ఈ ఇంజనుకు పేరు ఎవరికి దక్కాలన్న విషయంలో రాసేవాళ్ళు తలో మాటా రాస్తారు. ఇంజను మొత్తం హెయిన్స్ బృందానిది, దాని శ్వాస వెస్లేక్ ది అంటే ఎవరికీ అన్యాయం జరగదని నా అభిప్రాయం.

1949లో బెల్జియంలోని జబ్బెక్ రోడ్డు మీద ఎక్స్.కె. 120 కారు గంటకు 132 మైళ్ళు దాటి పరుగెత్తింది. 1951, 1953, 1955, 1956, 1957 సంవత్సరాల ల మాన్ పందేలు ఆ ఇంజనుతోనే జాగ్వార్ గెలిచింది. ఎప్పటికప్పుడు వాల్వులు పెంచుతూ, కార్బొరేటర్లు మారుస్తూ ఆ హెడ్డుకు మెరుగులు దిద్దుతూ పోయారు. ఇంజను తయారీ 1992 దాకా సాగింది. ఒక ఇంజనుకు 44 ఏళ్ళ సర్వీసు! మనలో ఎంతమందికి ఉందండీ అంత సర్వీసు?

పందెం కార్ల సంగతి అలా ఉంచి, ఇప్పుడు మన కారు దగ్గరికి వద్దాం. యుద్ధం ముగిశాక వెస్లేక్ ఇంగ్లండు దక్షిణ తీరాన రై అనే పాతకాలపు చిన్న ఊళ్ళో సొంత పరిశోధనశాల నడిపాడు. ఆస్టిన్ కంపెనీకీ సలహాదారుగా ఉన్నాడు. అక్కడి సమస్య వేరు. పందెం కాదు, సామాన్యుడి కారు. చవకగా ఉండాలి, తక్కువ పెట్రోలు తాగాలి, నాసిరకం పెట్రోలుకు తట్టుకోవాలి. నాలుగు సిలిండర్లకు నాలుగు పోర్టులు పెట్టే వీలు లేదు. రెండు సిలిండర్లకు ఒకటి చొప్పున రెండే ఇన్ లెట్ పోర్టులు. అంబాసిడర్ హెడ్డు విప్పినవారికి ఆ జంట పోర్టులు గుర్తుంటాయి. ఒక వాకిట్లోంచి రెండు ఇళ్ళకు పోయినట్టు. ఇంత బీద ఏర్పాటులో గాలిని ఎలా సద్వినియోగం చేయాలి? ఆయన ఇచ్చిన జవాబు మండే గుంటను తమలపాకు ఆకారంలో చేయడం. ఇంగ్లీషువాళ్ళు దాన్ని హృదయాకారం అంటారు. రెండు వాల్వుల నడుమ గోడ ముక్కులాగా లోపలికి పొడుచుకు వస్తుంది. ఇన్ లెట్ వాల్వులోంచి దూకిన గాలి నేరుగా ఎదుటనున్న ఎర్రగా కాలిన ఎగ్జాస్టు వాల్వు మీద పడకుండా ఆ ముక్కు దాన్ని మళ్ళించి సుడి తిప్పుతుంది. 1951లో ఆస్టిన్ ఎ-30 కారులో వచ్చిన చిన్న ఎ-సిరీస్ ఇంజనులోనూ, దాని అన్నగారైన బి-సిరీస్ లోనూ ఇదే ఆకారం. ఎ-సిరీస్ తర్వాత ప్రసిద్ధమైన మినీ కారులోకి వెళ్ళింది. బి-సిరీస్ మన అంబాసిడర్ లోకి వచ్చింది.

ఇక్కడే నా సంగతి చెప్పాలి.

1974లో నేను 26 ఏళ్ళ ఫిట్టరుని. ప్రభుత్వ వాహనాలు బాగుచేసే ఒక వర్క్ షాపులో ఉద్యోగం. ఏ శాఖదో, ఎక్కడిదో వద్దులెండి. పందేల కార్లకు పోర్టులు గ్రైండు చేస్తారని ఎవరో చెప్పగా విన్నాను. వినడమే, చూడలేదు, చదవలేదు. డీకార్బనైజింగుకు వచ్చిన ఒక అంబాసిడర్ హెడ్డు మీద నా తెలివితేటలు ప్రయోగించాను. రాత్రి షిఫ్టులో చేతి గ్రైండరు పట్టుకుని జంట పోర్టులు రెండూ వెడల్పు చేశాను. మండే గుంటలోని ఆ ముక్కు గాలికి అడ్డం వస్తోందనిపించింది. పోత పోసినప్పుడు వచ్చిన లోపం కాబోలనుకుని దాన్నీ అరగదీసేశాను. పక్కన ఒక హెల్పరు బల్బు పట్టుకుని నిలబడ్డాడు. నాకన్నా రెండేళ్ళు చిన్నవాడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. అన్నా, అది తీస్తే ఏమన్నా అవుతుందేమో అని ఒక్కసారి సందేహపడ్డాడు. నీకేం తెలుసులేరా అన్నాను.

కారు హైదరాబాదు రోడ్ల మీద బాగానే తిరిగింది. శబ్దం కూడా గంభీరంగా మారింది. నాకు గర్వంగా ఉండేది. మూడు వారాల తర్వాత వానాకాలం రాత్రి ఒక అధికారి ఆ కారులో వికారాబాదు దాటి అనంతగిరి గుట్ట ఎక్కుతుండగా ఇంజను లాగడం మానేసింది. తక్కువ గేరులో రొప్పుతూ కొంతదూరం పోయింది. తర్వాత తెల్లటి పొగ, రేడియేటరులో నీళ్ళు మరిగి పొంగడం. నేను వెడల్పు చేసినచోట పోత గోడ పలచబడి నీళ్ళదారిలోకి చిల్లు పడింది. వారు ఆ రాత్రి వానలో అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది.

విచారణ జరిగింది. జాబు కార్డులో హెడ్డు శుభ్రం చేసినవారి గడిలో హెల్పరు పేరు ఉంది, బిగించినవారి గడిలో నాది. మామూలుగా అలాగే రాసేవాళ్ళం. శుభ్రం చేసేటప్పుడు అతను అతిగా గీకేశాడని వాళ్ళే అనుకున్నారు. నేను అవునని చెప్పలేదు. కాదనీ చెప్పలేదు. నాకు అప్పటికే పెళ్ళయి బిడ్డ ఉంది, ఉద్యోగం పోతుందని భయం. అతను కూడా నోరు తెరవలేదు. అతను మస్టర్ రోల్ మీద ఉన్న మనిషి. ఆ ఏడాది పర్మనెంటు చేయవలసిన జాబితాలోంచి పేరు తీసేశారు. మళ్ళీ 1976లో గాని చేయలేదు. 2008లో రిటైరయ్యేనాటికి అతని సర్వీసు 32 ఏళ్ళు. పూర్తి పెన్షనుకు 33 కావాలని మన సభ్యులకు నేను చెప్పనక్కరలేదు.

ఆ ముక్కు ఎందుకుందో నాకు తెలిసింది 17 ఏళ్ళ తర్వాత. 1991లో ఒక ఆదివారం ఆబిడ్స్ ఫుట్ పాత్ మీద పాత పుస్తకాల్లో ఒక ఇంగ్లీషు మోటారు పత్రిక దొరికింది. అందులో ఆ గుంట బొమ్మ, బాణం గుర్తులతో గాలి తిరిగే దారి, పక్కన వెస్లేక్ పేరు. అక్కడే నిలబడి చదివాను. నేను లోపమనుకుని అరగదీసింది, ఆయన కొలిచి కొలిచి పెట్టినది. అప్పటినుంచే ఆయన గురించి దొరికినదల్లా చదవడం మొదలుపెట్టాను.

ఆయన కథలో మిగిలిన భాగం చెబుతాను. 1960 దశకం మధ్యలో అమెరికా పందెగాడు డాన్ గర్నీ తన సొంత కారుకు ఇంజను కోసం రై వచ్చాడు. ఆబ్రే వుడ్స్ రూపకల్పనతో, వెస్లేక్ కార్ఖానాలో 3 లీటర్ల పన్నెండు సిలిండర్ల ఇంజను తయారైంది. సిలిండరుకు నాలుగు వాల్వులు. వాటిని ఒకదానికొకటి దగ్గరగా, ఎక్కువ వాలు లేకుండా నిలబెట్టడంతో గాలి దాదాపు తిన్నగా కిందికి దిగుతుంది, మండే గుంటా చిన్నదిగా ఉంటుంది. తర్వాతి కాలపు పందెం ఇంజన్లన్నీ ఆ దారినే నడిచాయి. 1967 జూన్ 18న బెల్జియంలోని స్పా పందెంలో గర్నీ తన ఈగిల్ కారుతో గెలిచాడు. వారం కిందటే ఆయన ఫోర్డు కారులో ల మాన్ కూడా గెలిచి ఉన్నాడు.

అయితే ఆ ఇంజనుకు అదే పెద్ద గెలుపు, అదే ఆఖరిది. రై కార్ఖానాలోని యంత్రాలు బాగా పాతవి. వాటితో చేసిన ఒక ఇంజను భాగం మరో ఇంజనుకు సరిగా అమరేది కాదు. ఒక్కో ఇంజను శక్తి ఒక్కో రకంగా ఉండేది. పందెం మధ్యలో ఆగిపోవడం మామూలైంది. గాలిని అంత సూక్ష్మంగా కొలిచిన మనిషి కార్ఖానాలో లోహపు కొలతలు నిలబడలేదు. డబ్బు కొరత కూడా ఉంది. గర్నీతో ఆ పొత్తు ఎక్కువకాలం సాగలేదు. నాకు ఈ భాగం చదివినప్పుడు ఆయన మీద గౌరవం తగ్గలేదు. కొంచెం దగ్గరివాడనిపించాడు.

వారిద్దరి పేర్లతో తయారైన మరో హెడ్డు మాత్రం బాగా నిలబడింది. ఫోర్డు వి-8 ఇంజనుకు చేసిన గర్నీ-వెస్లేక్ హెడ్లతోనే జి.టి.40 కారు 1968లోనూ 1969లోనూ ల మాన్ గెలిచింది. రెండుసార్లు గెలిచింది ఒకే కారు కావడం విశేషం. డెబ్బై ఏళ్ళు దాటాక ముసలాయన మళ్ళీ కుర్రనాటి మోటారు సైకిళ్ళ వైపు మళ్ళాడు. మట్టి బాట మీద జరిగే స్పీడ్వే పందేలకు నాలుగు వాల్వుల ఇంజను తెచ్చాడు. 1976లో పీటర్ కాలిన్స్ ప్రపంచ విజేత అయింది దాని మీదే. మరి రెండేళ్ళకు వెస్లేక్ కాలం చేశాడు. ఆ మరుసటి ఏడాది ఆయన జీవితచరిత్ర పుస్తకంగా వచ్చింది. జీవితమంతా అదృష్టవంతుణ్ణే అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు దానికి.

కార్ల లోకంలో ఇప్పుడు గాలి లెక్కలు కంప్యూటర్లు చేస్తున్నాయి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. నేను పాడుచేసిన ఆ హెడ్డును కండెమ్ చేసినప్పుడు తుక్కులోంచి కొని ఇంటికి తెచ్చుకున్నాను. మా ఆవిడ ఎన్నోసార్లు పారేయమన్నది. ఇంకా మా బాల్కనీలో ఉంది. మా మనవడు ఇంజనీరింగు చదువుతున్నాడు. ఆ మధ్య దాన్ని చూసి, ఇక్కడ ఒక ముక్కు ఉండాలి కదా తాతయ్యా, ఏమైంది అని అడిగాడు. వాడికి చెప్పాను. మొదటిసారి చెప్పింది వాడికే.

పోయిన ఏడాది మన సభ్యుని ఇంట పెళ్ళిలో ఆ హెల్పరు కలిశాడు. భోజనాల దగ్గర నాకు కుర్చీ తెచ్చి వేసి, మోకాళ్ళ నొప్పి ఎలా ఉందన్నా అని అడిగాడు. పాత మిత్రుల గురించి మాట్లాడుకున్నాం. ఆ కారు మాట అతను ఎత్తలేదు. నేను ఎత్తాలని రెండుసార్లు నోటిదాకా తెచ్చుకుని ఊరుకున్నాను.

అతను మన సంఘంలో సభ్యుడు కాదు, కాబట్టి ఈ సంచిక అతనికి అందదు. అతని పేరు ఇక్కడ రాయలేదు, అతన్ని అడగలేదు గనుక. చిరునామా మాత్రం కార్యదర్శి గారికి ఇచ్చాను. ఒక కాపీ పంపమని కోరాను. తపాలా ఖర్చు నేను కట్టేశాను.